గాలికి పొల్లే ఎగురుతుంది

ఈ పుస్తకంలో ఇంతవరకు కోపం గురించి, అప్పు గురించి, పొద్దున్నే లేవడం గురించి మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయం నట్టు బోల్టుల గురించి. పికప్ బండి వెనక తేలికపాటి టోపును ఊడిపోకుండా బిగించడం ఎలా అన్నది విషయం. వ్యక్తిత్వ వికాసానికీ దీనికీ ఏం సంబంధం అని పుస్తకం మూసేయకండి. "ఏం కాదులే" అనే మాట మన నోట ఎంత సులువుగా వస్తుందో, దాని ఖరీదు ఎంతో నాకు ఏ శిక్షణ తరగతిలోనూ తెలియలేదు. మహారాష్ట్రలో నాందేడ్ నుంచి లోహా వెళ్లే రోడ్డు పక్కన, ఒక కంది చేలో తెలిసింది.

మా మేనత్త కొడుకు నాందేడ్‌లో దుప్పట్లు, చద్దర్లు అమ్ముతాడు. దుకాణమంటూ లేదు, ఊరూరి వారపు సంతలే దుకాణం. నాందేడ్ జిల్లాకు తెలుగువాళ్లు నిన్న మొన్న వచ్చి చేరినవాళ్లు కారు. 1956లో సరిహద్దులు గీసేదాకా అదంతా హైదరాబాద్ రాష్ట్రమే. బాసర ఉన్న ముథోల్ తాలూకా అప్పటివరకు నాందేడ్ జిల్లాలోదే. గీత పడ్డాక అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు ఉండిపోయారు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు సంతల్లో ఇప్పటికీ బేరం మరాఠీలో మొదలై తెలుగులో తెగడం మామూలే. మా బావ తిట్లు మరాఠీలో, లెక్కలు తెలుగులో.

ఏటా మార్గశిరం చివర్లో లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది. మనం మల్లన్న అనే దేవుణ్ణే అక్కడ ఖండోబా అంటారు. గుర్రాలు, ఒంటెలు, గాడిదలు అమ్మకానికి వచ్చే పెద్ద జాతర. చలికాలం కాబట్టి దుప్పట్లకు గిరాకీ. కానీ అన్ని రాత్రులూ సరుకుకు కాపలాగా బండిలోనే పడుకోవాలి. అందుకని బావ తన బొలెరో పికప్‌కు ఒక టోపు చేయించాడు. అల్యూమినియం గొట్టాల చట్రం, పైనా పక్కలా పల్చటి ఫైబర్ షీటు, వెనక పైకెత్తి తెరిచే తలుపు. ఇద్దరు మనుషులు అవలీలగా ఎత్తి దించేంత తేలిక. అమెరికాలో ఇలాంటిదాన్ని క్యాంపర్ షెల్ అంటారు, ఆస్ట్రేలియాలో కెనోపీ అంటారు. మా బావ టోపు అంటాడు. నాకు ఆ మాటే నచ్చింది. నెత్తిన పెట్టుకున్న టోపీ లాగే ఇదీ గాలికి పోగలదు మరి.

బిగించిన రోజు నేను అక్కడే ఉన్నాను. నాలుగు మూలలా నైలాన్ తాడు వేసి, పక్క డోర్ల కొక్కేలకు ముడి వేశాం. బావకు అనుమానంగానే ఉంది. "నలభై అయిదు కిలోల బరువుంది, ఎక్కడికి పోతుంది బావా, ఏం కాదులే" అన్నది నేనే.

లోహా దాకా వెళ్లకముందే ఎదురుగా ఒక లారీ వచ్చి పక్కనుంచి రయ్యిన పోయింది. వెనక ఫట్‌మని చప్పుడు. అద్దంలో చూస్తే టోపు ముందు అంచు గుర్రం ముంగాళ్లెత్తినట్టు లేచి ఉంది. మరుక్షణం అద్దంలో ఆకాశం తప్ప ఏమీ లేదు. బండి ఆపి వెనక్కి పరుగెత్తితే టోపు కంది చేలో బోర్లా పడి ఉంది. దారిన వెనక మోటారు సైకిల్ మీద ఎవరూ రావడం లేదు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

విరిగిన టోపును నాందేడ్‌కు తెచ్చి ఇత్వారా వైపు ఒక వెల్డింగ్ దుకాణంలో దించాం. నడిపే పెద్దాయన పద్మశాలి. తండ్రి కాలం దాకా ఇంట్లో మగ్గం ఆడింది, ఈయన చేతికి వెల్డింగ్ కర్ర వచ్చింది. తాడు ముక్కలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బరువెంత?"

"నలభై అయిదు కిలోలు కాకా."

"గదే మరి. అయిదు క్వింటాళ్లుంటే నా దుకాణానికి రాకపోదురు. తూర్పార పట్టంగ చూసినవా బిడ్డా? గాలికి గింజ ఎగురుతదా, పొల్లు ఎగురుతదా?"

"పొల్లు."

"మరి పొల్లును తెచ్చి గింజ లెక్క కడితిరి."

ఈ అధ్యాయంలో మీకు చెప్పదలచుకున్నదంతా ఆయన ఆ ఒక్క మాటలోనే చెప్పేశాడు. మిగతాది ఎలా చేయాలన్న వివరమే.

గాలి లెక్క

టోపు పక్కకు జారకుండా, కింద పడకుండా కడుతున్నామని మనం అనుకుంటాం. నిజానికి అది పైకి లేవకుండా కట్టాలి. ఈదురు గాలికి రేకుల ఇంటి కప్పు లేచిపోవడం మీరు చూసే ఉంటారు. గాలి కింది నుంచి తన్ని లేపిందని అనుకుంటాం, అది సగం నిజం. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి దాన్ని పైకి లాగుతుంది కూడా. పికప్ మీది టోపు రోడ్డు మీద పరుగెత్తే రేకుల ఇల్లే.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, ఎదురుగా నిలబెట్టిన చదరపు మీటరు పలకను గాలి సుమారు ఏడున్నర కిలోల బలంతో తోస్తుంది. వేగం 80కి పెంచితే ఆ తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు: సుమారు 30 కిలోలు. 100కి పెంచితే 47. స్పీడోమీటరు ముల్లు కొద్దిగా జరిగిందనుకుంటాం, గాలి మాత్రం వర్గాల్లో లెక్క కడుతుంది.

ఇప్పుడు మా టోపు సంగతి. ఎనిమిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు, అంటే సుమారు నాలుగు చదరపు మీటర్ల కప్పు. ముందు నుంచి తోసే బలంలో సగమే కప్పును పైకి లాగుతుందని అనుకుందాం. అసలు ఎంతన్నది టోపు ఆకారాన్ని బట్టి మారుతుంది కానీ, లెక్కకు ఇది చాలు. 80 వేగంలో 60 కిలోల లాగుడు వచ్చింది. టోపు బరువు 45. బరువే దాన్ని పట్టి ఉంచుతుందన్న నా ధైర్యం అక్కడే పోయింది. దీనికి గంటకు 30 కిలోమీటర్ల ఎదురు గాలి తోడైతే, బండికి తగిలే గాలి వేగం 110, లాగుడు సుమారు 115 కిలోలు. పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు పుట్టే విసురు దీనికి అదనం.

సరుకు కట్టడానికి అమెరికా ప్రభుత్వ నిబంధన ఒకటుంది. బ్రేకు వేసినప్పుడు సరుకు బరువులో 80 శాతం బలం ముందుకు, 50 శాతం పక్కలకు, మరో 50 శాతం వెనక్కి వచ్చినా ఆగేలా కట్టాలంటుంది. పైకి లేచే బలానికి బరువులో 20 శాతం చాలంటుంది. మా టోపుకు ఆ చివరి లెక్క వేస్తే 9 కిలోలు. ఇనుప చుట్టలకూ దుంగలకూ సరిపోయే సూత్రం అది. రెక్కలాంటి వస్తువుకు దాన్ని పట్టుకుని కూర్చుంటే కంది చేలోకే దారి.

ఇంకొక సంగతి. మా టోపు ముందు అంచుకూ బండి క్యాబిన్‌కూ మధ్య బెత్తెడు సందు ఉంది. టోపుకు ముందు గోడ పెట్టకుండా క్యాబిన్ అద్దమే అడ్డమని వదిలేశాం. గాలి ఆ సందులోంచి లోపలికి దూరింది, వెనక తలుపు మూసి ఉంది. సంచి నోరు తెరిచి గాలికి ఎదురుగా పట్టుకున్నట్టయింది. లోపలి గాలి పైకి తోస్తుంటే, బయటి గాలి పైకి లాగుతుంటే, నాలుగు ముడులు ఏం చేస్తాయి పాపం. అందుకే కాకా చేసిన మొదటి పని తాడు మార్చడం కాదు, టోపుకు ముందు గోడ వేయడం. టార్పాలిన్ కప్పే బళ్లకూ ఇదే వర్తిస్తుంది. ముందు వైపు పట్టాను క్యాబిన్ వెనక గట్టిగా చెక్కి, దాని వెనక అంచు కిందికి వెనక పట్టా పోవాలి. ఇంటి మీద పెంకు పరిచినట్టు, గాలి వచ్చే వైపు అంచు ఎప్పుడూ కిందికి పోవాలి.

ఎక్కడ పట్టుకోవాలి

మేం తాడు కట్టింది పక్క డోర్ల కొక్కేలకు. మూడు వైపులా డోర్లు తెరుచుకునే బాడీలో ఆ డోర్లు బిజాగరీల మీద వేలాడుతుంటాయి, చిన్న గొళ్లెం వాటిని ఆపుతుంది. అంటే మేం ఊగేదాన్ని తెచ్చి ఊగేదానికే కట్టామన్నమాట. మీది అలాంటి బాడీ అయితే డోర్లను మరిచిపోండి. నాలుగు మూలల స్తంభాలు, క్యాబిన్ వెనక ఇనుప గ్రిల్లు, తొట్టి నేల కింది అడ్డపట్టీలు: పట్టు వీటిలోనే ఉంటుంది.

పక్కలు కదలని డబుల్ గోడల బాడీ అయితే పద్ధతి వేరు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వి-క్రాస్ లాంటి బళ్లు ఆ రకం. వాటి గోడ పై అంచు లోపలికి మడత పడి ఉంటుంది. టోపు కింది అంచునూ ఆ మడతనూ కలిపి సీ క్లాంపులతో పట్టొచ్చు. రంధ్రం పెట్టే పని లేదు, అవసరం లేనప్పుడు దించుకోవచ్చు. తక్కువలో తక్కువ నాలుగు క్లాంపులు, పొడవైన తొట్టికి ఆరు. లేచేది ముందు అంచే కాబట్టి ముందు రెండూ బాగా మూలకు రావాలి. క్లాంపు దవడకు రబ్బరు ముక్క పెట్టకపోతే పెయింటు పోయి తుప్పు పట్టుకుంటుంది.

రంధ్రం పెట్టి బోల్టు వేయాల్సి వస్తే, బోల్టు తెగుతుందేమోనని భయపడకండి. తెగేది బోల్టు కాదు, దాని చుట్టూ ఉన్న రేకు. తొట్టి రేకు మందం ఎంతని? చిన్న వాషరు వేసి బిగిస్తే, ఊగి ఊగి ఒక రోజు బోల్టు వాషరుతో సహా రేకును చించుకుని బయటికి వస్తుంది. రేకు వెనక అరచేయంత ఇనుప పలక పెట్టి, దాని మీద నట్టు వేయండి. లాగుడు ఆ పలకంతా పంచుకుంటుంది. నట్టు నైలాన్ పట్టీ ఉన్న నైలాక్ రకం కావాలి, ఎందుకంటే మామూలు నట్టు మన గతుకులకు తనంతట తానే తిరుగుతుంది. అల్యూమినియం చట్రం ఇనుప బాడీకి నేరుగా తగలకుండా మధ్యలో రబ్బరు బీడింగు వేయాలి. రెండు లోహాల మధ్య వాన నీరు నిలిస్తే అల్యూమినియం తెల్లగా పొడిరాలుతుంది.

బిగువు

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాస్త తీరిగ్గా చెబుతాను.

క్లాంపులు వేశాక నేను పానా తీసుకుని మొదటిదాన్ని చేతనైనంత బిగించాను. కాకా పానా లాక్కున్నాడు. "పడుగు గట్లనే బిగిస్తరా? ఒక పక్క గుంజితే ఇంకో పక్క వదులైతది. అన్ని పోగులు ఒక్క తీరుగ పలకాలె." ముందు అన్నీ వేళ్లతో తిప్పి ఆనించాడు. తర్వాత ముందు ఎడమది, వెనక కుడిది, ముందు కుడిది, వెనక ఎడమది, కారు చక్రం బోల్టులు బిగించినట్టు ఎదురెదురు మూలల్లో, కొంచెం కొంచెంగా మూడు విడతలు. అంత జాగ్రత్త ఎందుకంటే ఫైబర్ షీటు వంగదు, పగులుతుంది. ఒక మూల అతిగా బిగిస్తే ఎదురు మూల లేస్తుంది, ఆ లేచిన మూలను కూడా బలవంతంగా దించితే మధ్యలో చీలిక వస్తుంది. రబ్బరు బీడింగు సగానికి నలిగిందంటే చాలు, ఇంకా తిప్పడం బలం కాదు, మొండితనం.

అంతటితో అయిపోదు. కొత్త రబ్బరు నలిగి, కుదురుకుని, కొంచెం పల్చబడుతుంది. బిగువు అక్కడే జారిపోతుంది. నాందేడ్ ఎండలో ఇనుమూ అల్యూమినియమూ ఒకే తీరుగా పెరగవు. రాత్రికీ మిట్టమధ్యాహ్నానికీ లోహం వేడిలో 40 డిగ్రీల తేడా ఉంటే, ఎనిమిది అడుగుల అల్యూమినియం గొట్టం రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. ఇనుము అందులో దాదాపు సగమే. రోజూ ఆ రెండింటి మధ్య జరిగే తోపులాటలో నట్టు నలుగుతుంది. అందుకని మొదటి 25 కిలోమీటర్లకు ఒకసారి, వందకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి ప్రయాణం ముందూ పానా పట్టాలి.

పానా పట్టకుండా తెలుసుకునే చిట్కా ఒకటుంది. బిగించాక నట్టు మీదుగా బోల్టు మీదికి, అక్కణ్ణుంచి రేకు మీదికి తెల్ల పెయింటుతో ఒకే గీత గీయండి. నట్టు తిరిగితే గీత తెగినట్టు కనిపిస్తుంది. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే చాలు. ఆ గీత ఖర్చు పది రూపాయలు కూడా కాదు. చాలామంది గీయరు. ఎందుకు గీయరో నాకు తెలుసు, నేనూ గీయలేదు కాబట్టి: పని అయిపోయిందనే సంతోషంలో, అది మళ్లీ వదులవుతుందని ఒప్పుకోవడం కష్టం.

క్లాంపులున్నా సరే, వాటితో సంబంధం లేని రెండో పట్టు ఒకటి ఉండాలి. టోపు మీదుగా అడ్డంగా రెండు రాచెట్ బెల్టులు, ఒకటి ముందు అంచుకు జానెడు దూరంలో, ఒకటి వెనక, తొట్టి కింది అడ్డపట్టీలకు. క్లాంపు ఊడినా టోపు బండిని వదలకూడదు. బెల్టు మీద రాసి ఉండే రెండు అంకెల్లో పెద్దది అది తెగే బరువు. అందులో మూడో వంతునే వాడుకకు లెక్కపెట్టుకోవాలి. బెల్టు ఎంత నిటారుగా దిగితే అంత గట్టిగా కిందికి అదుముతుంది. నేలకు 30 డిగ్రీల వాలులో కడితే దాని బలంలో సగమే కిందికి పనిచేస్తుంది. బెల్టు గాలికి జుయ్యిమని పాడుతుంటే మధ్యలో ఒక మెలిక తిప్పండి, పాట ఆగుతుంది. ఆ పాటే బెల్టు అంచును అరగదీస్తుంది కూడా. షీటు మూల మీద బెల్టు వంగే చోట పాత ట్యూబు ముక్క పెట్టండి.

బెల్టు లేక తాడే వాడాల్సి వస్తే, ఏ తాడో చూసుకోండి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. పొద్దున మంచులో మేం కట్టినదానికి ఏమైందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నూలు తాడు, కొబ్బరి తాడు తడిస్తే బిగుస్తాయి, ఆరాక వదులవుతాయి. సంతలో దొరికే రంగు రంగుల ప్లాస్టిక్ తాడు ఎండకు ఏడాది తిరక్కుండా పీచుపీచవుతుంది. లారీ క్లీనర్లు వేసే ముడి నేర్చుకోండి. తాడు మధ్యలో మెలి తిప్పి ఒక కన్ను చేసి, కొసను కింది కొక్కెం చుట్టూ తిప్పి తెచ్చి, ఆ కంట్లోంచి దూర్చి కిందికి గుంజాలి. రాపిడి కొంత తినేసినా, మీ చేతి బలం కంటే ఎక్కువ బలమే పడుతుంది. రబ్బరు సాగుడు తాళ్లు మాత్రం టోపుకు పనికిరావు. సాగడమే వాటి గుణం, మనకు కావలసింది సాగకపోవడం.

అంతా అయ్యాక పరీక్ష. టోపు మూలను రెండు చేతులతో పట్టుకుని బలంగా కుదపండి. టోపు కదలకుండా, బండే స్ప్రింగుల మీద ఊగాలి. టోపు వేరుగా, బండి వేరుగా ఊగుతున్నాయంటే ఇంకా పని ఉంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో కొంత దూరం వెళ్లి ఆపి చూడండి, 60లో వెళ్లి ఆపి చూడండి. 80 అవసరమా అని అక్కడే ఆలోచించండి. టోపుతో కలిపి బండి ఎత్తు కొలిచి స్టీరింగు ముందు రాసి అంటించుకోండి, రైలు వంతెన కిందికి వెళ్లే ముందు ఊహించుకునే పని ఉండదు.

మా బావ ఈ ప్రదక్షిణను ఇప్పుడు ఎక్కడ ఆగినా చేస్తాడు. చాయ్ కోసం ఆగితే ముందు టోపు చుట్టూ తిరిగి, నాలుగు గీతలూ చూసి, అప్పుడు గ్లాసు అందుకుంటాడు. మొదట్లో నేను నవ్వాను. "నువ్వు ఏం కాదులే అన్నవు గద బామ్మర్దీ, నేను అయితదేమో అని చూస్తున్న" అన్నాడు. ఆ తర్వాత నవ్వలేదు.

పడుకునే ముందు

టోపులో పడుకునేవాళ్లకు ఒక మాట. మాళేగావ్ జాతర చలిలో చాలామంది బండి తలుపు బిగించుకుని, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవాలని చూస్తారు. పెట్టకండి. మూసిన చిన్న చోట బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. నిద్ర మత్తు అనిపిస్తుంది అంతే. గ్యాసు పొయ్యి కూడా లోపల వెలిగించొద్దు. ముందు గోడకు పైన ఒకటి, వెనక తలుపుకు కింద ఒకటి, మూయడానికి వీల్లేని గాలి కంతలు పెట్టించుకుని, దుప్పటి ఇంకొకటి కప్పుకోండి. బావ దగ్గర దుప్పట్లకు కొదవ లేదు కదా.

బండి కదులుతున్నప్పుడైతే లోపల ఎవరూ ఉండకూడదు, వెనక తలుపు సగం తెరిచి అసలే ఉండకూడదు. నడిచే బండి వెనక గాలి పల్చబడి సుడులు తిరుగుతుంది, ఆ సుడిలో పొగ గొట్టం పొగ నేరుగా టోపు లోపలికి వస్తుంది.

కాగితాల సంగతి

ఇది త్వరగా ముగిస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. దించి పెట్టుకునే టోపు వేరు, శాశ్వతంగా వెల్డింగ్ చేసి ఓపెన్ బాడీని మూసిన బాడీగా మార్చడం వేరు. రెండోది చేసే ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అడిగి, రాయించుకోండి. ఎం.హెచ్.26 బండి అయినా, టి.జి. బండి అయినా చట్టం ఒక్కటే. టోపు బరువును బండి మోయగల సరుకు బరువులోంచి తీసేసి లెక్కపెట్టుకోండి.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. నాందేడ్ రేవుల్లో, ధర్మాబాద్ దాటాక బాసరలో జనం పోటెత్తుతారు. టోపు ఉంది, నీడ ఉంది, ఇంటిల్లిపాదీ ఎక్కేద్దాం అనిపిస్తుంది. ఎక్కించకండి. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కట్టాల్సిన బాధ్యత లేదని ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. చట్టం రక్షించేది సరుకు యజమానినో అతని తరఫు మనిషినో మాత్రమే. టోపు ఎంత గట్టిగా బిగించినా అది వానను ఆపుతుంది, ఎండను ఆపుతుంది. బండి పల్టీ కొడితే మనిషిని ఆపదు. లోపల సీటు లేదు, బెల్టు లేదు.

సామాను బండిలో వేయండి, పెద్దవాళ్లను, పిల్లలను రైలెక్కించండి. నాందేడ్ నుంచి ముద్‌ఖేడ్, ఉమ్రీ, ధర్మాబాద్ మీదుగా బాసరకు రైళ్లున్నాయి.